కదలని బండికి కిరాయి

పెట్రోలు బంకు వెనకాల రేకుల గది. టూరిస్టు బస్సు ఓనరు ఆఫీసు అది. సాయంత్రం. అతని భార్యకి అక్క వచ్చి, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

"ఈ ఊళ్ళో బస్సుల బేరం సర్వనాశనం చేసింది ఆ బంగారుపన్నోడే వదినా. ఇంకెవడూ కాదు. నా కొంప ముంచిందీ వాడే. నేను కిలోమీటరుకి యాభై ఐదు చెప్పి వస్తే, వాడు నా వెనకాలే వెళ్ళి నలభై ఎనిమిదికి ఒప్పుకుంటాడు. ఎలా గిడుతుంది? నువ్వే చెప్పు, ఎలా గిడుతుంది?"

"నేను వాడి గురించి అడగలేదు మరిదీ."

"చెప్పనీ. అరిగిపోయిన టైర్లకి పైన కొత్త తొడుగేయించి తిప్పుతాడు. ఒక్క డ్రైవరు చేత రెండు రాత్రులు లాగిస్తాడు. ఆ డ్రైవరు నిద్ర ఆపుకోలేక తల కిటికీలోంచి బయట పెట్టి తోలుతాడు. లోపల ఎక్కినవాళ్ళేమో 'అబ్బ, ఎంత చవకో' అనుకుంటూ గురకపెడతారు. అదీ వాడి..."

"రేపు బండి ఇస్తావా, ఇవ్వవా?"

"టీ చెప్పనా?"

"వద్దు."

"అల్లం దంచి వేయిస్తా."

"నాకు టీ వద్దు, అల్లమూ వద్దు. మూడు రోజుల్నుంచి ఫోన్ చేస్తున్నా. చేసినప్పుడల్లా డ్రైవింగులో ఉన్నా వదినా అంటావు. నువ్వు స్టీరింగు పట్టుకోవడం మానేసి ఐదేళ్ళయింది."

"మాటవరసకి అంటాం. అది కాదు వదినా, ఎక్కడికి, ఎంతమంది, ఎన్నింటికి, ఇవేమీ తెలియకుండా రేటెలా చెప్పను?"

"తెలియకుండానా! నీకా!"

"తెలుసనుకో. అయినా నీ నోటితో చెప్పాలి. వచ్చినవాళ్ళు చెప్పాలి, మేం లెక్క కట్టాలి. మా పద్ధతి అది."

"సరే, మీ పద్ధతి ప్రకారమే చెప్తా విను. షర్టుల కంపెనీలో కాలర్లు కుట్టిన ఆడవాళ్ళం, నలభై ఒక్కమందిమి. ఏడు నెలల క్రితం రాత్రికి రాత్రి గేటుకి తాళం వేసుకుని పోయారు. ఆగిన జీతాల్లేవు, సర్వీసు డబ్బుల్లేవు. రేపు పొద్దున పదిన్నరకి సిటీలో లేబరు కోర్టులో ఉండాలి. పోయిన రెండు వాయిదాలకీ సగంమందిమే వెళ్ళగలిగాం. ఈసారి కేసు కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళందరూ తన ఎదురుగా నిలబడాలి, లేకపోతే కేసు కొట్టేస్తానన్నాడు జడ్జి. సరిపోయిందా? రేటు చెప్పు."

"మామూలు బస్సులో..."

"పొద్దున మొదటి బస్సు పన్నెండింటికి దింపుతుంది. రాత్రి బస్సు తీసేసి ఏడాదయింది. నీకు తెలియదా ఏంటి?"

"తెలుసు, తెలుసు. సరే. సిటీ రెండొందల పది కిలోమీటర్లు."

"ఊఁ."

"రానూ పోనూ నాలుగొందల ఇరవై. కిలోమీటరుకి యాభై ఐదు. అది డీజిలుకీ టైర్లకీ. డ్రైవరు బత్తా వేరే. టోలు గేట్లు నాలుగు, వెళ్ళేటప్పుడూ కట్టాలి, వచ్చేటప్పుడూ కట్టాలి. కోర్టు దగ్గర బండి పెట్టుకోనివ్వరు, ఎక్కడో దూరంగా డబ్బిచ్చి పెట్టాలి. మీరు ఎప్పుడు బయటికొస్తారో తెలియదు, దానికి వెయిటింగు. ఏసీ వేస్తే..."

"ఏసీ ఎవరడిగారు?"

"అడగరు. ఎక్కాక వెయ్యమంటారు. నలభై ఒక్కమంది ఒకేసారి నా డ్రైవరు మీద పడితే వాడేం చేస్తాడు? తర్వాత సీటు కవర్లు ఉతికించాలి..."

"కోర్టుకి వెళ్తున్నామయ్యా, కాన్పుకి కాదు."

"నలభై రెండు వేలవుతుంది."

"ఎంతా?"

"నలభై రెండు."

"మరిదీ, నేను కుట్టింది కాలర్లే గానీ, కూడికలు రానిదాన్ని కాదు. నాలుగొందల ఇరవైని యాభై ఐదుతో వేస్తే ఇరవై మూడు వేల చిల్లర. బత్తా, టోలు వేసుకో. ఇరవై ఆరు, ఇరవై ఏడు. మిగతా పదిహేను వేలు సీటు కవర్లకా? పట్టుచీరలేమైనా కప్పావా సీట్లకి?"

"సీజను వదినా."

"ఏం సీజను?"

"సీజనంటే... పెళ్ళిళ్ళప్పుడు రేటు రెట్టింపవుతుంది. అందరికీ తెలిసిందే కదా."

"ఈ నెలలో ఎవరికి పెళ్ళి?"

"పెళ్ళిళ్ళని కాదు. స్కూళ్ళ వాళ్ళు టూర్లకి..."

"పిల్లలకి పరీక్షలు."

"అబ్బ, నువ్వు లాయరు దగ్గర కూర్చుని కూర్చుని లాయరువి అయిపోయావు. సరే, అసలు సంగతి చెప్తున్నా. రేపటికి బండి బుక్కయిపోయింది. నలభై రెండు వేలిచ్చినా లేదు. ముందే చెప్తే నొచ్చుకుంటావని రేటు పెంచి చెప్పా. అంత ఇచ్చుకోలేవు కాబట్టి నువ్వే లేచి వెళ్తావనుకున్నా."

"ఎవరు బుక్ చేశారు?"

"ఉన్నారులే ఒక పార్టీ."

"ఎక్కడికి వెళ్తోంది?"

"అదీ... ట్రిప్పు."

"ట్రిప్పని తెలుసు. ఎక్కడికి?"

"ఇటే. దగ్గర్లోనే."

"ఈ ఊళ్ళో అద్దెకిచ్చే బస్సులు ఆరు. ఆరుగురి దగ్గరికీ తిరిగా. కాళ్ళరిగేలా తిరిగా. ఆరుగురూ ఒకటే పాట. బుక్కయింది, బుక్కయింది, బుక్కయింది. పెళ్ళిళ్ళు లేవు, స్కూళ్ళు లేవు, సెలవు రోజు కూడా కాదు. అందరూ దగ్గర్లోకే వెళ్తున్నారా?"

"వాళ్ళ సంగతి నాకేం తెలుసు."

"ఇక్కడికి ఏ దారిన వచ్చానో తెలుసా? కంపెనీ వెనక గోడ పక్కనుంచి. గోడ అవతల మా భోజనాల షెడ్డు ముందు వరసగా నిలబెట్టి ఉన్నాయి, ఆరు బస్సులు. మూడోది నీది. వెనకద్దం పగిలితే ప్లాస్టరు వేయించావు చూడు, ఆ ప్లాస్టరు వీధిలోకి కనబడుతోంది."

"అన్నీ తెలిసే వచ్చి నా చేత ఇంతసేపు వాగించావా?"

"నీ నోటితో వస్తుందేమోనని చూశా. మరిదివి కదా. బండి ఎక్కడికి వెళ్తోంది?"

"ఎక్కడికీ వెళ్ళదు."

"గట్టిగా చెప్పు."

"ఎక్కడికీ వెళ్ళదు వదినా. రేపు రాత్రి దాకా అక్కడే ఉంటుంది. మీ మేనేజరు పెట్టించాడు. ఆ బంగారుపన్నోడే మా అందరి దగ్గరికీ వచ్చి మాట్లాడాడు. బండికింతని వాడికి కమీషను."

"కదలని బండికి కిరాయి ఇస్తారా ఎవరైనా?"

"మా లైన్లో రోజుకి మూడొందల కిలోమీటర్లు మినిమం. బండి తిరిగినా తిరక్కపోయినా ఆ మూడొందలకీ కట్టాలి. మూడొందలు, యాభై ఐదు... పదహారు వేల ఐదొందలు."

"డీజిలు కూడా ఖర్చు లేకుండా."

"డీజిలు లేదు, టైరు అరగదు, డ్రైవరు ఇంట్లో పడుకుంటాడు. ఇన్నేళ్ళలో ఇలాంటి బేరం నాకెప్పుడూ తగల్లేదు."

"సంతోషంగా ఉందా?"

"సంతోషమా! నువ్వేంటి వదినా! ఫైనాన్సు వాళ్ళ వాయిదాలు రెండు ఆగాయి. ఇవాళ మధ్యాహ్నం కట్టకపోతే బండి ఎత్తుకుపోతామన్నారు. బంగారుపన్నోడు నిన్న రాత్రి డబ్బు బల్లమీద పెట్టాడు. నేనేం చెయ్యను?"

"నిలబెట్టేది మమ్మల్ని ఆపడానికని తెలుసా?"

"వాడు చెప్పలేదు."

"నువ్వు అడగలేదు."

"అడిగితే చెప్పేవాడు. అందుకే అడగలేదు. చాలా?"

"మా జీతాలివ్వడానికి డబ్బుల్లేవని కోర్టులో చెప్పాడయ్యా ఆ మేనేజరు. ఒక్కో బస్సుకి పదహారు వేలు పోసి నిలబెట్టడానికి మాత్రం ఉన్నాయి. ఎవరి డబ్బది? మా మెడలు వంగి, కళ్ళు మసకలు కమ్మి... సరే. అది నీకెందుకు. వెళ్ళి బండి తెచ్చుకో."

"ఎలా తేను? తాళాలు వాచ్‌మన్ దగ్గర పెట్టమన్నాడు, పెట్టా. గేటు లోపల నుంచి వేశారు. డబ్బు వెనక్కిద్దామంటే ఫైనాన్సు వాళ్ళు మింగేశారు."

"అయితే వెళ్తున్నా."

"కూర్చో."

"ఎందుకు కూర్చోవడం?"

"కూర్చో వదినా. వేరే ఊళ్ళో మా గడ్డం ఉన్నాడు. గడ్డమంటే... అందరూ అలాగే పిలుస్తారు, మేమిద్దరం ఒకే ఓనరు దగ్గర క్లీనర్లుగా చేశాం. వాడికి ఒక బండి ఉంది. మంచి బండి. అడుగుతా."

"ముందే అడగొచ్చుగా!"

"అక్కణ్ణుంచి బండి రావాలంటే ఎంతవుతుందో తెలుసా? నువ్వు భరించలేవు. నీ దగ్గరెంతుంది?"

"మనిషికి ఆరొందలు. ఇరవై నాలుగు వేల ఆరొందలు."

"ఇంకో రెండొందలేసి..."

"ఏడు నెలలుగా పని లేదు మరిదీ. ఈ ఆరొందలు పోగవడానికే ప్రాణం పోయింది. ఒకావిడ గ్యాసు బండ అమ్మింది. ఇంకోసారి అడగమంటే నా వల్ల కాదు."

"సరే, ఉండు. స్పీకరులో పెడతా, నువ్వే విను. మధ్యలో మాట్లాడకు. బేరం చెడుతుంది... హలో, గడ్డం! ఏరా, బతికే ఉన్నావా?"

"ఉన్నాన్రా! టైర్ల షాపువాడికి తెలియనివ్వకు, అంతే. ఏంటి విషయం?"

"రేపు నీ బండి ఖాళీయేనా?"

"ఎవరికి?"

"మా బంధువులు. నలభై ఒక్కమంది ఆడవాళ్ళు. ఇక్కణ్ణుంచి సిటీకి, పదింటికల్లా దింపాలి, మధ్యాహ్నం రెండింటికి తిరుగు."

"నీ బండేమైంది?"

"షెడ్డులో ఉంది."

"ఊఁ. ఇక్కణ్ణుంచి మీ ఊరికి తొంభై కిలోమీటర్లు. ఖాళీగా రావాలి, ఖాళీగా పోవాలి. ఆ నూట ఎనభై కూడా పార్టీ నెత్తినే పడుతుంది, మొత్తం ఆరొందలు. పొద్దున నాలుగింటికి మీ ఊళ్ళో ఉండాలంటే ఇవాళ రాత్రే తియ్యాలి. రెండు రోజుల లెక్క."

"రెండు రోజులేంట్రా! పన్నెండు దాటాక తియ్. తారీకు మారుతుంది, ఒక్క రోజే అవుతుంది. రేపు రాత్రి పదకొండుకల్లా నీ బండి నీ గుమ్మంలో ఉంటుంది. నాకు చెప్తున్నావా లెక్కలు?"

"సరే, ఒక్క రోజే. యాభై ఐదు వెయ్."

"యాభై."

"కుదరదురా. ఖాళీ పరుగుక్కూడా డీజిలు తాగుతుంది, నీళ్ళు తాగదు."

"పోయిన ఏడాది నీ ట్రిప్పు మధ్యలో డ్రైవరుకి జ్వరమొస్తే, రాత్రికి రాత్రి నా డ్రైవర్ని పంపాను. డబ్బు తీసుకున్నానా? యాభై."

"...అది గుర్తుచేస్తే నేనేమంటాను. ముప్పై వేలు. ఇద్దరు డ్రైవర్లని పెట్టాలి, పొద్దుణ్ణుంచి రాత్రి దాకా ఒక్కణ్ణి పెట్టి చంపను. బత్తాలు పద్నాలుగొందలు. టోలు రెండువేల వంద. ముప్పై మూడు వేల ఐదొందలు. ఇంకొక్క రూపాయి తగ్గమన్నా ఫోను పెట్టేస్తా."

"వాళ్ళ దగ్గర ఇరవై నాలుగు వేల ఆరొందలున్నాయి. మిగతావి వచ్చాక ఇస్తారు."

"వచ్చాకంటే ఎప్పుడు?"

"కేసు గెలిచాక. కంపెనీ వాళ్ళు కట్టాక."

"కేసా? ఏ కేసు? ...ఓహో. ఆ షర్టుల కంపెనీదా? మా ఊరు దాకా తెలిసిందిలే. పోనీ పాపం. నాకు వాళ్ళెవరూ తెలియదురా, నువ్వు తెలుసు. ఎనిమిది వేల తొమ్మిదొందలకి 'నాది పూచీ' అని నోటితో ఒక్క మాటను. కాగితాలొద్దు, డబ్బివ్వొద్దు. మాటను. పన్నెండు దాటగానే బండి బయల్దేరుతుంది."

"...చూద్దాం."

"చూసేదేముంది? వాలీబాల్ జట్టువాళ్ళు వచ్చి వాకిట్లో నిలబడ్డారు, వాళ్ళకీ రేపే కావాలి. నువ్వు మొదట అడిగావు కాబట్టి ఆపుతా. టీ తాగి చేస్తా. ఈలోపు తేల్చుకో."

"సరే."

"పెట్టేశాడా? మరిదీ! భలే బేరమాడావు! నీ నోట్లో ఇంత విద్య ఉందని తెలియదు నాకు. చెయ్, మళ్ళీ చెయ్. పూచీ అని చెప్పు."

"ఆగు."

"దేనికి ఆగడం? జేబులోంచి పైసా తియ్యక్కర్లేదన్నాడు."

"ఇప్పుడు తియ్యక్కర్లేదు. కేసు పోతే? ఎనిమిది వేల తొమ్మిదొందలూ ఎవడు కడతాడు?"

"నేను కడతా. ఇళ్ళల్లో పాచిపని చేసైనా కడతా. నా మాట మీద నమ్మకం లేదా?"

"నమ్మకం గురించి కాదు వదినా. ఈ గడ్డం ఉన్నాడే, వాడి నోట్లో మాట ఆగదు. రేపు పొద్దున టీ కొట్టు దగ్గర చెప్తాడు, పలానావాడి పూచీ మీద పంపానని. మధ్యాహ్నానికి బంగారుపన్నోడికి తెలుస్తుంది. సాయంత్రానికి మేనేజరుకి. వాళ్ళకింకో కంపెనీ ఉంది, తెలుసుగా? దాని స్టాఫు ట్రిప్పులన్నీ నాకే ఇప్పిస్తానన్నాడు. పదహారు వేలు తీసుకుని, వాడి మీద కేసేసినవాళ్ళకి పూచీ ఉన్నానంటే నన్ను బతకనిస్తాడా?"

"ఇప్పిస్తానన్నాడు. ఇచ్చాడా?"

"ఇస్తాడు."

"మాకూ అలాగే అన్నాడు. నెలనెలా అన్నాడు."

"అదీ ఇదీ కలపకు."

"మరిదీ, కాళ్ళు పట్టుకోమంటావా?"

"అలాంటి మాటలనకు. పెద్దదానివి."

"పెద్దదాన్నని తెలిసిందా! పూచీ చెప్పు మరి."

"ఎందుకు చెప్పాలి? ఒక్క కారణం చెప్పు. నీ కేసు, నీ వాళ్ళు. నా వాళ్ళెవరున్నారు అందులో? మీ చెల్లెలూ అక్కడే చేసింది. నీతోపాటే చేసింది. కంపెనీ మూసిన రోజే చెప్పాను, సంతకాల జోలికి పోకు, ఆ మేనేజరుతో నాకు పనుంది అని. పోయిందా? నోరెత్తకుండా ఇంట్లో కూర్చుంది. తనకి రావాల్సింది వదులుకుంది, నా వ్యాపారం కోసం. దాన్ని చూసి నేర్చుకో."

"నన్ను మాట్లాడించకు."

"ఇందాకటిదాకా ఆగకుండా మాట్లాడావుగా."

"ఒక పని చెయ్. ఇంటికి ఫోన్ చేసి చెల్లిని అడుగు. పూచీ ఉండనా వద్దా అని ఒక్క ముక్క అడుగు. వద్దంటే లేచి వెళ్ళిపోతా."

"దాన్నడిగేదేంటి? దానికేం తెలుసు ఈ గొడవలు?"

"అడిగితే పోయేదేముంది? ఇదిగో, నా ఫోను నుంచి చెయ్."

"నా బేరాలు పెళ్ళాన్నడిగి చేసుకునే స్థితికి ఇంకా రాలేదు."

"మరిదీ, నా మాట విను. ఒక్కసారి..."

"అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకటై ఏడిస్తే నేను కరిగిపోతాననేగా? తెలుసులే నీ ఎత్తు. ఫోను లోపల పెట్టుకో."

"నీకోసమే చెప్తున్నానయ్యా!"

"నాకోసం నువ్వు చెప్పక్కర్లేదు. అదిగో, వాడు చేస్తున్నాడు."

"స్పీకరులో పెట్టు."

"పెట్టా. హలో."

"ఏరా, ఏమంటావు? వీళ్ళు అడ్వాన్సు చేతిలో పట్టుకుని నిలబడ్డారు."

"గడ్డం... అదీ..."

"మరిదీ."

"నాకు సంబంధం లేదురా. పూచీ గీచీ నా వల్ల కాదు."

"ఒక్క మాటరా. ఆడవాళ్ళు..."

"కాదన్నానుగా."

"సరే. నీ ఇష్టం. వీళ్ళ దగ్గర తీసుకుంటున్నా మరి. తర్వాత నన్ననకు."

"అననులే. ఇచ్చెయ్."

"ఇచ్చేశా."

"అలా చూడకు వదినా. ఇంకో వాయిదా అడగండి. జడ్జీలు మాత్రం మనుషులు కారా."

"ఇంక వాయిదాల్లేవు. అయిపోయింది."

"ఏదో ఒకటి దొరుకుతుంది. లారీ ఏదైనా..."

"కాలు విరిగి రాడ్డు వేయించుకున్నావిడ ఉంది. ఏడో నెల గర్భిణీ ఉంది. లారీ ఎక్కించనా? అందరూ నిలబడాలయ్యా. ఒక్కళ్ళు తగ్గినా అందరిదీ పోతుంది."

"పోతే నన్నేం చెయ్యమంటావు? నలభై ఒక్కమంది ఉసురూ నా నెత్తినే వేస్తావా? నా ఇంట్లోవాళ్ళెవరైనా ఉంటే అడుగు, పడతా."

"మీ ఆవిడ సంతకం పెట్టింది."

"ఎందులో?"

"నా పేరు కింద తన పేరే. మొదటి రోజే పెట్టింది."

"ఏంటి నువ్వనేది?"

"నీకు తెలిస్తే పొద్దున్నే మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళి పేరు కొట్టించేస్తావని నా చేత ఒట్టు వేయించుకుంది. అందుకే చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా చెప్పకపోయినా ఒకటే కదా."

"అబద్ధం. అది నా మాట దాటదు."

"ఇంటికెళ్ళి చూడు. రేపు కట్టుకునే చీర ఇస్త్రీ చేసి పెట్టుకుంది. మా ఇంట్లో పడుకుంటానని నీకు చెప్పమని నన్నే పంపింది. ఈ నలభై ఒక్కమందిలో నేనొకదాన్ని, అదొకత్తె."

"ఆగు... ఆగాగు... మళ్ళీ ఫోన్ చేస్తా... హలో! గడ్డం! నాది పూచీరా! నాదే! ఎనిమిది వేలు కాదు, మొత్తానికి నాది పూచీ!"

"అడ్వాన్సు తీసుకున్నాన్రా ఇప్పుడే. నీకు చెప్పేగా తీసుకున్నా."

"వెనక్కిచ్చెయ్! నేనెక్కువిస్తా!"

"మాటిచ్చి ఎలా వెనక్కిస్తాను? వాళ్ళు అప్పుడే వెళ్ళిపోయారు కూడా. ఏమైందిరా? గొంతేంటలా ఉంది? హలో?"

"పెట్టెయ్ మరిదీ. పాపం, అతనేం చేస్తాడు."

"వదినా..."

"ఊఁ."

"దానికి... దానికెంత రావాలి?"

"ఆగిన జీతం, పదకొండేళ్ళ సర్వీసు. అన్నీ కలిపి లాయరు నిన్ననే లెక్క కట్టి చెప్పాడు. దాంతో నీ బండి మీద మిగిలిన ఫైనాన్సు వాయిదాలు ఒకేసారి తీర్చేద్దామంది చెల్లి. లక్షా తొంభై ఆరు వేల నాలుగొందలు."